మిలిటరీ తాతగారి పెట్టె



విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారి మీద, పుల్లేరు కాలువను ఆనుకుని, చెరుకు తోటల నడుమ ఎదిగిన ఉయ్యూరులోనూ, దానికి అటూ ఇటూ ఉన్న కంకిపాడు, పామర్రు ప్రాంతాల పల్లెల్లోనూ, సైన్యంలో పనిచేసి తిరిగివచ్చిన మనిషిని ఊరు తన పద్ధతిలో గుర్తుపెట్టుకుంటుంది. ఆయన అసలు పేరు ఏదైనా, ఇంటిపేరు ఏదైనా, వచ్చిన కొన్నాళ్లకే ఆయన ‘మిలిటరీ ఆయన’ అవుతాడు. పిల్లలు పెద్దవారై వారికీ పిల్లలు కలిగేసరికి ‘మిలిటరీ తాత’ అవుతాడు. ఆయన కాలం చేసిన తర్వాత కూడా ఆ ఇల్లు చాలాకాలం ‘మిలిటరీ వాళ్ల ఇల్లు’గానే నిలిచిపోతుంది. ఇంటిపేరును సైతం వెనక్కి నెట్టగల ఉద్యోగాలు పల్లెల్లో ఏవో కొన్నే ఉంటాయి, వాటిలో ఇది ఒకటి. అటువంటి తండ్రిని, తాతను ఇంటివారు ఎలా తలచుకుంటారు, ఆ తలపులో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది, జారిపోకుండా కాపాడుకోవడానికి ఇంట్లో ఏ ఆధారాలు ఉంటాయి అన్నది ఈ ప్రసంగానికి విషయం.

తెలుగులో సైనికోద్యోగానికి ఉన్న మాటలే ఈ నేలకూ ఆ వృత్తికీ ఉన్న పాత చుట్టరికాన్ని చెబుతాయి. పాత తరం వారు ‘పటాలంలో చేరాడు’ అంటారు. ఇంగ్లీషు బెటాలియన్, అంటే కొన్ని వందల మంది కాల్బలంతో కూడిన దళం, దక్షిణాది వారి నోట పటాలమైంది. సిపాయి అన్నది పారశీకం నుంచి వచ్చింది. దండు, దళవాయి వంటివి అంతకు ముందు నుంచీ వాడుకలో ఉన్నవి. వీటన్నిటికంటే ఆలోచింపజేసే మాట ఉత్తరాది భాషల్లో కనిపించే ‘తిలంగా’. 18వ శతాబ్దం మధ్యలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంచి బెంగాలుకు తరలించిన సిపాయిలను అక్కడి జనం తిలంగాలు, అంటే తెలుగు దేశం వారు, అని పిలిచారు. కాలక్రమంలో ఆ పేరు కంపెనీ కొలువులోని ఏ సిపాయికైనా వర్తించి, 1857 తిరుగుబాటు నాటి ఢిల్లీలో కూడా, ఆ పటాలాల్లో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల వారే అయినప్పటికీ, సిపాయికి అదే పేరుగా నిలిచింది. ఒక జాతి పేరు వేరే ప్రాంతంలో ఒక వృత్తికే పేరైపోవడం అరుదైన విషయం. ఆ సంగతి తెలుగువారికే ఎక్కువగా తెలియకపోవడం విచారించవలసిన విషయం.

కృష్ణా తీరానికి ఈ కథలో ప్రత్యేకమైన చోటు ఉంది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని కంపెనీ సేన ఫ్రెంచివారి చేతిలోని మచిలీపట్నం కోటను పట్టుకున్న తర్వాత ఉత్తర సర్కారులు, అంటే కృష్ణ మొదలుకొని గంజాం దాకా ఉన్న కోస్తా జిల్లాలు, క్రమంగా కంపెనీ వశమయ్యాయి. ఆ తర్వాత మద్రాసు సైన్యంలోని సిపాయి పటాలాలను కర్ణాటక పటాలాలనీ, సర్కారు పటాలాలనీ రెండుగా విభజించినప్పుడు, ఆ రెండో పేరులో ఉన్న సర్కారు ఈ తీరమే. ఆ సిపాయిల విధేయతకు హద్దు కూడా ఉండేది: హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లేందుకు ఓడ ఎక్కమన్నప్పుడు 1780 అక్టోబరులో విశాఖపట్నంలోని సర్కారు సిపాయిలు నిరాకరించి తిరగబడ్డారు. అయితే 19వ శతాబ్దం చివరి దశకాల్లో బ్రిటిషు సేనాధిపతులు ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతాన్ని, అంటే కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాల వారు మాత్రమే పుట్టుకతో పోరాటానికి తగినవారన్న నమ్మకాన్ని, పట్టుకుని, పంజాబు, నేపాలు వైపు మొగ్గి, దక్షిణాది వారిని, అందులోనూ తెలుగువారిని, సైన్యంలోకి తీసుకోవడం బాగా తగ్గించివేశారు. 1758 నుంచి చరిత్ర ఉన్న మద్రాసు పటాలాలు 1920ల చివరికి దాదాపుగా రద్దయిపోయాయి. ఆ సిద్ధాంతం తప్పని చెప్పడానికి మరో యుద్ధం రావలసి వచ్చింది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజుల్లో మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. దానికంటే ఎక్కువగా, ఇంజనీరింగు దళాలు, రవాణా, వైద్యం, ఆయుధాగారాలు, రోడ్లు వేసే పయొనీరు దళాలు వంటి విభాగాల్లోకి మద్రాసు రాష్ట్రం నుంచి పెద్ద సంఖ్యలో యువకులు చేరి, బర్మా అడవుల్లోనూ, ఉత్తరాఫ్రికా ఎడారుల్లోనూ, ఇటలీలోనూ పనిచేశారు. అదే 1942లో అధికారిగా చేరిన కోటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1981లో భారత సైన్యానికి ప్రధాన సేనాధిపతి కావడం, 1983 దాకా ఆ పదవిలో ఉండడం, యుద్ధజాతుల సిద్ధాంతానికి తెలుగువారి నుంచి వచ్చిన సమాధానమని చెప్పుకోవచ్చు. కానీ ప్రధాన సేనాధిపతుల చరిత్ర ఎలాగూ పుస్తకాలకెక్కుతుంది. నాయక్‌గానో, హవల్దారుగానో, మహా అయితే సుబేదారుగానో పదవీవిరమణ చేసి, ట్రంకు పెట్టె ఒకటి, హోల్డాలు అనే పరుపు చుట్ట ఒకటి రిక్షాలో వేసుకుని ఉయ్యూరు సెంటర్లో దిగిన మనిషి చరిత్ర ఆయన ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆ ఇంట్లో రెండు తరాల వారు ఒకే మనిషిని రెండు విధాలుగా గుర్తుపెట్టుకోవడం గమనించదగినది. సాధారణ సిపాయి 18, 20 ఏళ్ల వయసులో చేరి, పింఛను రావడానికి కనీసం 15 ఏళ్లు పనిచేసి, 40 ఏళ్లు రాకుండానే ఇల్లు చేరుతాడు. అంటే ఆయన పిల్లలు పుట్టి, నడక నేర్చి, బడిలో చేరిన సంవత్సరాలన్నీ ఆయన ఊళ్లో లేని సంవత్సరాలే. ఆ పిల్లలకు తండ్రి అంటే సెలవు. ఏడాదికి ఒకసారి, కుదిరితే సంక్రాంతికో, మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లకో సర్దుకుని వచ్చి, తల్లికి శాలువా, పిల్లలకు బాదం పప్పులు తెచ్చి, ఇంటి పైకప్పు నేయించి, పొలం గట్టు తగాదా తీర్చి, ఇంకా చనువు కుదరకముందే తిరిగి రైలెక్కే అతిథి. మిగతా పదకొండు నెలలూ ఆయన ఒక మనియార్డరు, ఒక ఇన్లాండు ఉత్తరం. ఆ ఉత్తరం మీద ఉండే చిరునామాలో ఊరి పేరు ఉండదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం పేరు రాసి, కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అనో రాస్తారు. ఏపీఓ అంటే సైన్యపు తపాలా కార్యాలయం, దళం ఎక్కడున్నదీ శత్రువుకు తెలియకుండా ఉండేందుకు ఉత్తరాలన్నీ ఆ నంబరుకు చేరి అక్కడి నుంచి పంపిణీ అవుతాయి. శత్రువుకు తెలియని ఆ చోటు ఇల్లాలికీ తెలియదు. 1962లోనూ, 1965లోనూ, 1971లోనూ యుద్ధాలు జరిగినప్పుడు కృష్ణా డెల్టాలోని ఎన్నో ఇళ్లల్లో ఆడవారు ఆ రెండంకెల నంబరును నమ్ముకుని నెలలు గడిపారు, రేడియోలో వార్తల వేళకు ఇంటి పనంతా ఆపుకున్నారు.

మనవల జ్ఞాపకం ఇందుకు పూర్తిగా వేరు. తన పిల్లల చిన్నతనాన్ని చూడలేకపోయిన మనిషి మనవల చిన్నతనాన్ని ఒక్క రోజు కూడా వదలకుండా చూస్తాడు. వారికి తాత అంటే తెల్లవారుజామున నాలుగింటికి వినిపించే చేదబావి గిలక చప్పుడు. నాలుగు మూలలూ కలిసేలా మడిచిన దోమతెర. పండుగ రోజున కూడా ముందు పాలిష్ చేసుకునే బూట్లు. అన్నం ముద్ద కింద పడితే వచ్చే కోపం. ఆయన మాటల్లో తెలుగు కాని తెలుగు కొంత దొర్లుతుంది. కొత్తగా చేరినవాడు ‘రంగరూటు’, వంటశాల ‘లంగరు’, శిక్షగానో వంతుగానో చేసే చాకిరీ ‘ఫటీగు’, వరసగా నిలబడడం ‘ఫాలిన్’. ఇంటి పిల్లలు ఆ మాటలను ఆటల్లోకి తెచ్చుకుంటారు, వాటి అర్థం వారికి పెద్దయ్యాక గాని తెలియదు. తండ్రిగా తాను ఇవ్వలేకపోయిన కాలాన్ని ఆయన తాతగా ఇస్తున్నాడని ఆ ఇంటి కొడుక్కీ కోడలికీ తెలుసు. ఆ కొడుకు తన పిల్లల్ని ఆయన దగ్గర వదిలి దూరం నుంచి చూస్తున్నప్పుడు అతని మనసులో సంతోషంతో పాటు చిన్న వెలితి కూడా ఉంటుంది. సైనిక కుటుంబాలను గురించి రాసేవారు ఎక్కువగా వీరమరణాల మీద దృష్టి పెట్టడం వల్ల ఈ వెలితి గురించి తెలుగులో రాసినవారు తక్కువ.

మరొక సంగతి కూడా ఈ ఇళ్లల్లో సామాన్యం. యుద్ధం చూసినవాడు యుద్ధం గురించి మాట్లాడడు. మంచు ఎంత లోతు ఉండేదో, కంచరగాడిద మీద సామాను ఎలా కట్టేవారో, పంజాబీ స్నేహితుడు రొట్టె ఎలా చేసేవాడో గంటల తరబడి చెప్పే తాత, తుపాకీ పేలిన రోజు సంగతి అడిగితే లేచి పశువులకు మేత వేయడానికి వెళ్తాడు. ఆ మౌనాన్ని గౌరవించడమే ఇంటివారు నేర్చుకుంటారు. అది మంచిదే. అయితే ఆయన చెప్పని దానితో పాటు చెప్పడానికి అభ్యంతరం లేనిది కూడా, అంటే ఏ దళం, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరితో కలిసి, అన్న సాదా వివరాలు కూడా, అడిగేవారు లేక ఆయనతోనే వెళ్లిపోతాయి.

ప్రాణాలర్పించిన వారి పేర్లకు ఈ దేశంలో గోడలు ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 25న న్యూఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గ్రానైటు పలకల మీద, స్వాతంత్ర్యం తర్వాత అమరులైన 25,942 మంది సైనికుల పేర్లను అప్పటికి చెక్కారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన భారతీయ సైనికుల పేర్లను 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ కాపాడుతోంది; సమాధి కూడా దొరకని దాదాపు 27,000 మంది కామన్వెల్త్ సైనికుల పేర్లు బర్మాలో రంగూను సమీపంలోని తౌక్యాన్ శ్మశానవాటిక స్తంభాల మీద ఉన్నాయి. ఆ సంస్థ జాబితాలో వెతికేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: కృష్ణా జిల్లా పేరును ఆనాటి ఇంగ్లీషువారు ‘కిస్ట్నా’ అని రాసేవారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామం తన కోసం తానే స్మారకం కట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 90 మందిని, రెండో యుద్ధంలో వెయ్యి మందికి పైగా పంపిన ఊరుగా పేరుపొంది, ఇప్పటికీ ‘మిలిటరీ మాధవరం’గానే పిలిపించుకుంటున్న ఆ ఊళ్లో సైన్యం ఒక ఊరుమ్మడి జ్ఞాపకం. ఉయ్యూరు ప్రాంతం అటువంటిది కాదు. ఇక్కడ ఊరికి ఇద్దరో ముగ్గురో, వేర్వేరు దళాల్లో, వేర్వేరు కాలాల్లో పనిచేసి వచ్చినవారు. బతికి వచ్చిన మనిషికి ఏ గోడ మీదా పేరు ఉండదు. ఆయన పేరు నిలవవలసిన చోటు ఆయన ఇల్లే.

ఇల్లు ఆ పని చేయకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఈ డెల్టా కన్న మనుషుల్లో దేశమంతా తెలిసిన ఒక మాజీ సైనికుడి జీవితాన్ని చూడాలి. ఉయ్యూరు దాటి పామర్రు మీదుగా కూచిపూడి వైపు వెళ్తే, మొవ్వ మండలంలో భట్లపెనుమర్రు అనే గ్రామం ఉంది. జాతీయ పతాక రూపశిల్పిగా పేరుపొందిన పింగళి వెంకయ్య గారు అక్కడ ఆగస్టు 2న పుట్టారు. సంవత్సరం దగ్గరే మొదటి చిక్కు ఎదురవుతుంది: కొందరు 1876 అంటారు, కొందరు 1878 అంటారు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చదువుకున్న ఆయన, 19 ఏళ్ల వయసులో సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధంలో పాల్గొన్నారని, అక్కడే గాంధీ గారిని తొలిసారి కలిశారని ప్రచారంలో ఉన్న జీవితచరిత్రలు చెబుతాయి. బోయర్లు అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతి రైతులు. వారి రెండు రాజ్యాలకూ బ్రిటిషువారికీ మధ్య ఆ యుద్ధం 1899 అక్టోబరు 11న మొదలై 1902 మే 31న ముగిసింది. లెక్క వేసి చూస్తే, 1876లో పుట్టిన వారికి యుద్ధం మొదలయ్యేనాటికి 23 ఏళ్లు, 1878లో పుట్టిన వారికి 21 ఏళ్లు నిండి ఉంటాయి. 19 అన్న అంకె సైన్యంలో చేరిన నాటిదే అయితే, చేరడానికీ సముద్రం దాటడానికీ మధ్య కొన్నేళ్లు గడిచి ఉండాలి. ఆ సంవత్సరాలు ఎక్కడ గడిచాయో ఆ చరిత్రలు చెప్పవు.

దీనికి మరొక కోణం ఉంది. బోయరు యుద్ధం తెల్లవారికీ తెల్లవారికీ మధ్య జరిగే పోరాటంగానే ఉండాలని బ్రిటిషు ప్రభుత్వం నిర్ణయించడం వల్ల భారతీయ సిపాయి పటాలాలను అక్కడ పోరాటంలో దింపలేదు. కానీ భారతదేశం నుంచి వెళ్లిన బ్రిటిషు దళాల వెంట గుర్రాలను చూసేవారు, నీళ్లు మోసేవారు, ఆసుపత్రి సేవకులు వంటి భారతీయులు వేల సంఖ్యలో వెళ్లారు. నేటాలులో స్థిరపడిన భారతీయులతో గాంధీ గారు 1899 చివర కూర్చిన సుమారు 1,100 మంది క్షతగాత్ర సేవాదళం వేరే. ఈ పెద్ద చిత్రంలో వెంకయ్య గారి స్థానం ఏదన్నది తేల్చగలిగేది ఒక్కటే: ఆయన సైనిక పత్రం. ఆయన బందరు జాతీయ కళాశాలలో వ్యవసాయశాస్త్రం, చరిత్రలతో పాటు విద్యార్థులకు గుర్రపు స్వారీ, సైనిక శిక్షణ కూడా నేర్పేవారని చెబుతారు; సైన్యంలో నేర్చిన విద్య ఆయన జీవితంలో బయటికి కనిపించే చోటు అది. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు నిలబెట్టిన ఆ కళాశాలలో పనిచేస్తూనే ఆయన 1916లో భారతదేశానికొక జాతీయ పతాకం కావాలని వాదిస్తూ, 30 నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైనప్పుడు ఆయన గాంధీ గారికి జెండా నమూనా అందజేశారు. గాంధీ గారు ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’ పత్రికలో ఆయన పేరు చెప్పి, బందరు జాతీయ కళాశాల పేరు చెప్పి, ఆ సంగతి రాశారు. పరాయి జెండాకు వందనం చేయవలసి వచ్చిన సైనిక జీవితమే ఆయనలో స్వంత జెండా ఆలోచన రేపిందని చెప్పుకునే మాట నమ్మదగినదిగానే ఉంది. సైనికుడికి తెలిసినంతగా జెండా విలువ మరొకరికి తెలియదు.

వెంకయ్య గారి చివరి సంవత్సరాల్లో ఒక వివరం మనసును పట్టుకుంటుంది. పత్తి పరిశోధన వల్ల పత్తి వెంకయ్యగా, జపాను భాష నేర్చి జపాను వెంకయ్యగా, ఖనిజాల అన్వేషణ వల్ల వజ్రాల వెంకయ్యగా, పతాకం వల్ల జెండా వెంకయ్యగా పేరుపడిన ఆయన, విజయవాడ చిట్టినగరులో గుడిసె వేసుకుని బతికారు. ఆ గుడిసె వేసుకున్న స్థలం, గతంలో సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చినది. ఆయనకు లోకం పెట్టిన పేర్లలో ‘మిలిటరీ వెంకయ్య’ లేదు, కానీ ముసలితనంలో నీడనిచ్చింది ఆ మిలిటరీయే. 1963 జనవరిలో విజయవాడ పౌరులు ఆయనను సత్కరించారు. జూలై 4న ఆయన కన్నుమూశారు. తన దేహం మీద త్రివర్ణ పతాకం కప్పాలని, దహనానికి ముందు దానిని తీసి రావిచెట్టుకు కట్టాలని కోరారని చెబుతారు. ఆయన కుమార్తె ఘంటసాల సీతామహాలక్ష్మి గారు, ఆయన మనవలు ఆ తండ్రి జ్ఞాపకాన్ని, ఆ తాత జ్ఞాపకాన్ని ఎవరూ పట్టించుకోని దశాబ్దాల్లో కూడా విడిచిపెట్టలేదు. 2009లో తపాలా బిళ్ల వచ్చింది. విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి ఆయన పేరు పెట్టి, 2015 జనవరిలో అక్కడ ఆయన విగ్రహం ఆవిష్కరించారు. 2021 మార్చిలో రాష్ట్ర ముఖ్యమంత్రి మాచర్లలోని సీతామహాలక్ష్మి గారి ఇంటికి వెళ్లి సత్కరించారు. 2022 జూలైలో, తండ్రి జయంతిని దేశం ఘనంగా జరుపుకోబోయే కొద్ది రోజుల ముందు, ఆమె నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఒక కుమార్తె నిలబెట్టుకున్న నమ్మకం ఎంత దూరం వెళ్లగలదో ఆమె జీవితం చెబుతుంది. అయినా సైన్యంలో ఆయన గడిపిన కాలం ఆ జీవితచరిత్రల్లో రెండు మూడు వాక్యాలకు మించదు. అంతటి మనిషి విషయంలోనే ఇలా జరిగితే, పుల్లేరు గట్టు మీది పల్లెలో హవల్దారుగా రిటైరైన తాత సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే ఆ పెట్టెను గురించి కొంత వివరంగా మాట్లాడుకోవాలి. మిలిటరీ ట్రంకు పెట్టె నల్లరంగు రేకుతో చేసినది, మూత మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు రాసి ఉంటాయి. చాలా ఇళ్లల్లో ఇప్పుడు దాని మీద బియ్యం బస్తా ఉంటుంది. లోపల అన్నిటికంటే విలువైనది డిశ్చార్జి పుస్తకం, అంటే సైనికుడు సర్వీసు ముగించినప్పుడు ఇచ్చే చిన్న పుస్తకం. అందులో ఆయన తండ్రి పేరు, గ్రామం, తపాలా కార్యాలయం, చేరిన తేదీ, ఎత్తు, గుర్తుపట్టే మచ్చ, ఆయన నేర్చిన విద్యలు, పొందిన పతకాలు, ప్రవర్తన గురించిన అభిప్రాయం ఉంటాయి. సైన్యంలో ఉన్నప్పుడు తాత ఎత్తెంతో, ఎడమ చెంప మీద మచ్చ ఎక్కడుండేదో తెలిపే కాగితం ఏ ఇంట్లోనైనా మరొకటి ఉండదు. పేరు మాత్రం తరచుగా విరిగి ఉంటుంది, ఎందుకంటే ఇంటిపేరు ముందుండే తెలుగు పద్ధతి తెలియని గుమాస్తా దానిని తనకు తోచిన చోట ముక్కలు చేసి రాస్తాడు. పుట్టిన తేదీ జూలై 1 అని ఉంటే అది నిజమైన పుట్టినరోజు కాకపోవచ్చు. సంవత్సరం మాత్రమే తెలిసినవారికి జూలై 1 అని వేయడం ప్రభుత్వ నియమం. ఇటువంటి తప్పుల వల్లనే, ముఖ్యంగా భార్య పేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉండడం వల్లనే, భర్త పోయిన తర్వాత ఇల్లాలికి రావలసిన కుటుంబ పింఛను నెలల తరబడి ఆగిన సందర్భాలు ఈ పల్లెల్లో తక్కువేమీ కాదు. జ్ఞాపకానికి సంబంధించిన కాగితమే జీవనానికి సంబంధించిన కాగితం కూడా.

పతకాలను చూడవలసిన చోటు ముందువైపు బొమ్మ కాదు, అంచు. పతకపు అంచు మీద నాణెపు గళ్లు ఉండే చోట, సూది మొనతో గీసినట్టున్న సన్నని అక్షరాల్లో సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. వెలుతురుకు అడ్డంగా తిప్పితే గాని కనిపించవు. మాట్లాడని తాత ఎక్కడెక్కడ ఉన్నాడో ఆ పతకాలు చెబుతాయి. పశ్చిమీ స్టార్ ఉంటే 1971లో పాకిస్తాన్ పశ్చిమ సరిహద్దులో, పూర్వీ స్టార్ ఉంటే బంగ్లాదేశ్ వైపు. సమర్ సేవా స్టార్, రక్షా పతకం ఉంటే 1965 నాటి సేవ. విదేశ్ సేవా పతకం మీద శ్రీలంక అని పట్టీ ఉంటే 1987, 1990 మధ్య జరిగిన శాంతిసేన కాలం. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ పతకం ఆనాడు సర్వీసులో ఉన్నవారికి ఇచ్చినది. రిబ్బను రంగు వెలిసినా అంచు మీది పేరు వెలవదు. ఆ పతకాలను పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చిన ఇళ్లు, వెండి అనుకుని తూకానికి ఇచ్చిన ఇళ్లు ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, ఆ అక్షరాల సంగతి చెప్పేవారు లేకపోవడమే అసలు కారణం.

పత్రాలు పోయిన ఇంటివారు కూడా నిరాశపడనక్కర్లేదు. సైన్యంలో ప్రతి దళానికీ రికార్డు కార్యాలయం ఉంటుంది: మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాసు ఇంజనీరు దళానికి బెంగుళూరులో, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్డులో, ఈఎంఈ అనే మరమ్మతు ఇంజనీర్ల దళానికి సికింద్రాబాదులో. సైనికుడి నంబరు తెలిస్తే దారి దొరుకుతుంది. ఆ నంబరు పాత ఉత్తరం మీద, పింఛను పుస్తకంలో, పెట్టె మూత మీద, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. దరఖాస్తు రాయడం తెలియని వారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నది అందుకే.

ఏటా జనవరి 14ను మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. 1953లో అదే రోజున తొలి భారతీయ ప్రధాన సేనాధిపతి కరియప్ప గారు పదవీవిరమణ చేశారు. డెల్టా పల్లెలకు అది సంక్రాంతి వేళ. ఊరొదిలి వెళ్లిన కొడుకులు, కూతుళ్లు, మనవలు అందరూ ఇంటికి చేరే నాలుగు రోజులు అవే. ఇంట్లోని పాత సామాను, విరిగిన బల్లలు, చిరిగిన కాగితాలు భోగిమంటకు చేరేదీ అప్పుడే. మిలిటరీ తాత ఉన్న ఇంటివారికి, ఉండి వెళ్లిపోయిన ఇంటివారికి ఈ ప్రసంగం చేసే విన్నపం ఒక్కటే. ఈ ఏడాది మంటకు సామాను మోసే ముందు ఆ నల్ల పెట్టె మూత ఒకసారి తెరవండి. తాతగారు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన నంబరు, దళం, పనిచేసిన ఊళ్లు, తోటి వారి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆయన లేకపోతే, ఆ సంగతులు విన్న నాయనమ్మ గారినో అమ్మమ్మ గారినో అడిగి రాసుకోండి.